పది నిమిషాల పాట వెనక నాలుగేళ్లు: సంగీతం స్కాలర్‌షిప్ పోటీలు పాలమూరు, నల్గొండ పిల్లల దాకా ఎట్లా వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి

క్లుప్తంగా: కేంద్రం ఇచ్చే బాల కళాకారుల స్కాలర్‌షిప్‌కు మార్కులతో పనిలేదు, పాడి లేదా వాయించి చూపిస్తేనే వస్తది. వచ్చే డబ్బు తక్కువే, కానీ అందులో ఎక్కువ భాగం గురువు ఫీజు కోసం. ఎవరికి వస్తదన్నది పోటీ రోజు కంటే ముందే, పిల్లకు ఏడెనిమిదేళ్లప్పుడు దగ్గర్లో గురువు దొరికిందా లేదా అన్న దగ్గరే సగం తేలిపోతది. వచ్చినదాన్ని ఇంటర్ దాటించి నిలబెట్టుకోవడం ఇంకో పెద్ద పని.

జిల్లా పేజీలో ఒక మూలకు చిన్న ఫొటో ఉంటది, ఒళ్లో వీణ పెట్టుకున్న ఆరో తరగతి పాపో, శాలువా కప్పుకుని బిగుసుకుని నిలబడ్డ ఏడో తరగతి బాబో, కింద జాతీయ స్కాలర్‌షిప్‌కు ఎంపిక అని రెండు లైన్లు. ఆ రోజు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలు, రెండో రోజు నుంచి ప్రశ్నలు. ఎంత ఇస్తారు, నెలకా ఏడాదికా, ఇది ప్రైజా లేక చదువుకు ఇచ్చేదా, ఇంటర్‌లో సీటుకు పనికొస్తదా, మా పిల్ల కూడా భజనలో మంచిగ పాడతది కదా మరి మేం పెట్టుకోవచ్చా. వార్తలో వీటికి జవాబు దొరకదు, ఎందుకంటే వార్త గెలిచిన రోజు గురించి మాత్రమే రాస్తది. గెలవక ముందు ఏం జరగాలి, గెలిచాక ఏం జరుగుతది అన్నవే నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తల్లిదండ్రులకు నిజంగా కావాల్సిన సంగతులు.

అన్నిటినీ ఒకటే అనుకోవడం

మొదటి గందరగోళం పేర్ల దగ్గరే. బడిలో జరిగే కళా ఉత్సవ్, ఆకాశవాణి పోటీ, సంగీత కళాశాల పరీక్ష, ఈ స్కాలర్‌షిప్, అన్నిటినీ కలిపి "కాంపిటీషన్‌లో గెలిచింది" అనేస్తారు. కళా ఉత్సవ్ 2015లో మొదలైంది, హైస్కూలు పైతరగతుల నుంచి ఇంటర్ దాకా పిల్లలకు, స్కూలు నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాకా మెట్లు మెట్లుగా పోతది, గెలిస్తే బహుమతి ఒక్కసారే. ఆకాశవాణి సంగీత పోటీ 16 నుంచి 24 ఏళ్ల లోపు వాళ్లకు, అది రేడియో కళాకారులయ్యే దారిలో ఒక గుర్తింపు. రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల లాంటి చోట్ల రాసే సర్టిఫికెట్, డిప్లొమాలు అసలు పోటీలే కావు, పరీక్షలు, పాసయ్యేవాళ్లందరూ పాసవుతారు.

స్కాలర్‌షిప్ అనేది వీటికి భిన్నం. సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం అని 1979లో పెట్టారు, అందరూ సీసీఆర్‌టీ అంటారు, హెడ్డాఫీసు ఢిల్లీ ద్వారకలో, ప్రాంతీయ కేంద్రం మన హైదరాబాద్ మాదాపూర్‌లో. ఆ సంస్థ 1982 నుంచి నడుపుతున్న పథకం ఇది. 10 నుంచి 14 ఏళ్ల మధ్య ఉండి గుర్తింపు ఉన్న బడిలో చదివే పిల్లలు ఎవరైనా అర్హులు, ప్రభుత్వ బడి పిల్లలైనా సరే. పథకం లెక్క ప్రకారం ఏటా దేశం మొత్తానికి 650. ముందు రెండేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత రెండేళ్లకోసారి రెన్యువల్ చేస్తూ 20 ఏళ్ల వయసు లేదా డిగ్రీ దాకా పొడిగించే వీలుంది. సంగీతం ఒక్కటే కాదు, నృత్యం, నాటకం, చిత్రలేఖనం, జానపద కళలు అన్నీ ఆ 650లోనే పంచుకోవాలి, అంటే ఒక్క కర్ణాటక గాత్రానికి అందులో దక్కేది చిన్న ముక్కే.

దీనికి పై మెట్టు ఇంకొకటి ఉంది, దాన్ని దీనితో కలపొద్దు. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చేది, ఏటా 400 మందికి, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. దానికి అప్పటికే కనీసం ఐదేళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఈ రెండు మెట్ల మధ్య 15 నుంచి 18 వరకు ఒక ఖాళీ కనిపిస్తది చూడండి, చాలామంది జారిపోయేది సరిగ్గా ఆ ఖాళీలోనే.

గదిలోపల ఆ కాసేపు

ఎంపికలో పిల్లకు దొరికేది కాస్త టైమే, ఆ కాసేపట్లో జడ్జీలు చూసేది ఎంత పెద్ద కృతి వచ్చు అని కాదు. పునాది ఎట్లా ఉందో చూస్తారు, ముందు శ్రుతి, తర్వాత లయ, ఆ తర్వాతే మిగతావన్నీ.

ఉదాహరణకు మోహన రాగంలో వర్ణం (సాధన కోసం నేర్పే పాట) పాడుతున్న ఒక పన్నెండేళ్ల పాపను ఊహించుకోండి. ఆది తాళం, అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కలు. మొదటి కాలం హాయిగా పోతది. "ఇప్పుడు రెండో కాలం పాడు తల్లీ" అనగానే అసలు పరీక్ష మొదలు. రెండో కాలంలో చెయ్యి అదే వేగంతో కొట్టుకుంటూ ఉండాలి, పాట మాత్రం రెట్టింపు వేగంతో సాగాలి. తొందరపడ్డ పిల్లల్లో పాటతో పాటు చెయ్యి కూడా పరిగెత్తుతది, తాళం నాలుగో చుట్టుకు వచ్చేసరికి చిటికెన వేలు దగ్గర ఉండాల్సినవాళ్లు నడిమి వేలు దగ్గరుంటారు. గొంతు ఎంత తీయగా ఉన్నా అక్కడ తేలిపోతది, ఎందుకంటే ఇది ఇంట్లో వారం రోజులు గట్టిగా కూర్చుని దిద్దుకునే తప్పు కాదు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అనే మొదటి పాఠాలను మూడు కాలాల్లో రోజూ పాడించిన గురువు ఉంటేనే చెయ్యి ఆగి ఉంటది.

తర్వాత అడిగేవి ఇంకా చిన్నగా కనిపిస్తాయి. ఇప్పుడు పాడిన ఈ ముక్కకు స్వరాలు చెప్పు. ఇదే రాగంలో ఇంకోటి ఏదైనా వచ్చా. ఈ రాగం ఆరోహణ అవరోహణ పాడు. పోటీ కోసం ఒకే కృతిని ఆర్నెల్లు తోమి తెచ్చిన పిల్ల ఇక్కడ ఆగిపోతది, అదే రాగంలో ఒక గీతం, ఒక వర్ణం, రెండు కృతులు వచ్చిన పిల్ల తడుముకోకుండా పాడతది. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని పాడటం అలవాటైన పిల్లలకు ఇంకో చిక్కు, యాప్ ఏ శ్రుతిలో ఉంటే అందులో పాడటమే తెలుసు కానీ తమ గొంతుకు సరిపోయే శ్రుతి ఐదా ఐదున్నరా తెలియదు, అక్కడ వేరే శ్రుతి పెట్టి పాడమంటే గొంతు బిగుసుకుంటది.

ఒక విషయంలో మాత్రం మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన లాభం ఉంది. కర్ణాటక సంగీతంలో త్యాగరాజ కృతులు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. చెన్నైలో, బెంగళూరులో పిల్లలకు మాట ఎక్కడ విరగాలో, ఒత్తు ఎక్కడ పడాలో నేర్పించాల్సి వస్తది, వనపర్తి పిల్లకు అర్థం ముందే తెలుసు. సాహిత్య భావం తెలిసి పాడినప్పుడు పదం మధ్యలో ఊపిరి తీసే తప్పు తగ్గుతది, జడ్జీకి అది వెంటనే వినబడతది.

భజన మండలి ఇచ్చేది, ఇవ్వనిది

మా పిల్ల భజనలో పాడతది అనే మాటను తీసిపారేయడానికి లేదు. పాలమూరులో భజన సంప్రదాయం గట్టిది, మన్యంకొండ హనుమద్దాసు, రాకమచర్ల వెంకటదాసు కీర్తనలు ఇప్పటికీ మండళ్లలో వినబడతాయి. ఏకాదశి రాత్రి తెల్లవార్లూ తాళాలు పట్టుకుని కూర్చున్న పిల్లకు లయ ఒంట్లో పట్టేస్తది, పదిమంది ముందు గొంతు విప్పడానికి భయం ఉండదు. టౌనులో ట్యూషన్‌కు పోయే పిల్లల్లో చాలామందికి లేని బలం ఇది.

లోటు ఎక్కడంటే గమకంలో, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పాడటంలో. భజనకు ఆధారం హార్మోనియం, ఆ పెట్టె ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరాన్ని కదలకుండా ఇస్తది, రెండు స్వరాల మధ్య జారడం, ఊగడం దాని వల్ల కాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించడానికి ఇదీ ఒక కారణం, 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. కర్ణాటక రాగానికి ప్రాణం ఆ ఊపులోనే ఉంటది కాబట్టి, హార్మోనియం వెంట పాడి పెరిగిన పిల్ల స్వరాలన్నీ సరిగ్గా పాడినా రాగం పొడిపొడిగా వినిపిస్తది. దీన్ని దిద్దడానికి గురువు ఎదురుగా కూర్చుని వీణ మీదో గొంతుతోనో ఆ ఊపును వందసార్లు చూపించాలి, ఒకటి రెండేళ్లు పడతది. అంటే భజన పిల్లను తొమ్మిదో ఏట గురువు దగ్గర కూర్చోబెడితే పన్నెండో ఏటికి గట్టి పోటీదారు అవుతది, పదమూడో ఏట మొదలుపెడితే వయసు దాటిపోతది.

రాగాలు ఇంటి నుంచే వచ్చేవాళ్లు ఇంకొందరు ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. గుడి ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో సన్నాయి, డోలు వాయించే నాయీబ్రాహ్మణ కుటుంబాలు. తాళి కట్టేటప్పుడు ఏం వాయించాలి, పల్లకి సేవకు ఏం వాయించాలి అన్నది తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుంటూ వచ్చిన ఇళ్లు అవి. పథకంలో ఉన్న 650లో 125 తరతరాలుగా కళలు చేస్తున్న కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన పిల్లలకు, 30 దివ్యాంగులకు, 20 సాహిత్య రచనకు, మిగతా 375 అందరికీ. సన్నాయి ఇంటి పిల్లగాడికి, కిన్నెర ఇంటి పిల్లకు ఆ 125 సూటిగా సరిపోతది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అంటే విద్య ఈ నేల మీద ఉంది. కానీ ఆ విద్య ఉన్న ఇళ్లలో దరఖాస్తు ఫారం నింపి, ఫొటోలు అంటించి, గడువులోపు పంపే అలవాటు లేదు, ఆ పని ఊరి బడిలో ఒక టీచర్ నెత్తిన వేసుకుంటే తప్ప జరగదు.

డబ్బు లెక్క ఉన్నదున్నట్టు

స్కాలర్‌షిప్ సొమ్ము ఏడాదికి 3,600, అంటే నెలకు 300. దానికి తోడు గురువుకు కట్టిన ఫీజును ఏడాదికి 9,000 దాకా తిరిగి ఇస్తారు. రెండూ కలిపితే ఎక్కువలో ఎక్కువ 12,600. కొత్తగా ఎంపికైన 650 మందికీ పూర్తిగా ఇచ్చినా దేశం మొత్తానికి ఏడాదికి 82 లక్షలు దాటదు.

ఈ అంకెలు చూసి ఇంతేనా అనిపించడం సహజం. కానీ నిర్మాణం గమనించాలి, నాలుగు రూపాయల్లో దాదాపు మూడు గురువు ఫీజు కిందే పోతున్నాయి. బట్టలకో ఫోన్‌కో ఖర్చయ్యే బహుమతి కాదు ఇది, గురువుతో సంబంధం తెగకుండా పట్టి ఉంచే ఏర్పాటు. గురువు ఉన్న పిల్లకు ఇది మంచి ఆసరా, గురువే లేని పిల్లకు దీంతో ఏ ఉపయోగం లేదు. అసలు గురువు లేకపోతే ఎంపికే కాదు.

దక్షిణ తెలంగాణలో ఖర్చు ఫీజు దగ్గర కాదు, దారి దగ్గర. నల్గొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచి కూడా దాదాపు అంతే, గద్వాల నుంచి ఇంచుమించు రెట్టింపు. వారానికి ఒక క్లాసు చొప్పున ఏడాదికి 48 ఆదివారాలు అనుకుంటే నల్గొండ పిల్ల 9,600 కిలోమీటర్లు తిరుగుతది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి తల్లీకూతుళ్లు ఆధార్ కార్డు చూపించి పోయిరావచ్చు. అదే తండ్రీకొడుకులైతే ఒక ట్రిప్పుకు ఐదు వందలు అనుకున్నా ఏడాదికి 24,000, స్కాలర్‌షిప్ మొత్తానికి దాదాపు రెట్టింపు. సంగీతం కోసం తెచ్చిన పథకం కాకపోయినా ఆ ఉచిత బస్సు ఈ ప్రాంతంలో ఆడపిల్లల సంగీతానికి చేసే మేలు ఈ స్కాలర్‌షిప్ కంటే పెద్దదే కావచ్చు.

టైమ్ లెక్క కూడా ఉంది. పొద్దున 6 గంటలకు బస్సు, హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగి సిటీ బస్సో మెట్రోనో పట్టుకుని గురువు ఇల్లు చేరేసరికి 10, గంట క్లాసు, మళ్లీ ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం 3 దాటుతది. గంట పాఠానికి తొమ్మిది గంటలు, పదేళ్ల పిల్ల ఒంటికి అది మాటలు కాదు.

సంస్థానాలు పోయాక ఏం మిగిలింది

ఈ ప్రాంతంలో గురువులు ఎందుకు తక్కువ అన్నదానికి కారణం పాతది. విద్యను సభలో పరీక్షించి ఏటా కొంత సొమ్ము ఇవ్వడం పాలమూరుకు కొత్త సంగతి కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాల్లో పండితుడు వచ్చి ప్రతిభ చూపిస్తే సంభావన, నచ్చితే ప్రతి ఏడూ వార్షికం. గద్వాలను విద్వద్గద్వాల అన్నది ఊరికే కాదు, తిరుపతి వేంకటకవులు లాంటి వాళ్లు కూడా ఈ సంస్థానాల తలుపు తట్టినవాళ్లే. ఆదరణలో పెద్ద వాటా సాహిత్యానిదే అయినా, పద్ధతి చూస్తే ఇప్పటి స్కాలర్‌షిప్‌కు అది తాతలాంటిది.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాల రోజులు కూడా దాంతోనే ముగిశాయి. దొరల, రాజుల పెత్తనం పోవడం జనానికి మంచే చేసింది, అందులో వాదం లేదు. కానీ వార్షికం ఇచ్చే చెయ్యి పోయినప్పుడు దాని మీద బతికిన విద్యకు ఇంకో ఇల్లు ఎక్కడుంది అన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఇక్కడ విజయనగరంతో పోలిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తది. అక్కడి రాజు 1919లో సంగీత కళాశాల పెట్టాడు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఎస్టేట్ పోయింది, కళాశాల మిగిలింది, అక్కడ చదివినవాళ్లు చుట్టుపక్కల టౌన్లలో టీచర్లయ్యారు, వాళ్ల పిల్లలు మళ్లీ అక్కడే చేరారు. గద్వాల ఇచ్చిన డబ్బు మనుషులకు పోయింది, ఆ మనుషులతోనే అయిపోయింది. విజయనగరం డబ్బు ఒక భవనానికి, ఒక జీతానికి, ఒక క్లాసుకు పోయింది కాబట్టి వందేళ్లు దాటినా ఉంది. తెలంగాణలో 1952లో త్యాగరాజ కళాశాల వచ్చింది, అయితే అది హైదరాబాద్‌లో, నేర్చుకోవాలనుకున్నవాళ్లు అటే పోయారు, నేర్చినవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు, పెళ్లిళ్లు, సభలు, డ్యాన్స్ ప్రోగ్రాంలు, రేడియో అన్నీ అక్కడే ఉన్నప్పుడు వెనక్కి రమ్మనడానికి వాళ్లకు ఏం చూపిస్తాం.

బయటి దేశంలో ఒక పోలిక

పోటీతో స్కాలర్‌షిప్ అనేది పడమటి దేశాల శాస్త్రీయ సంగీతంలోనూ ఉంది, నడిచే తీరు వేరు. బ్రిటన్‌లో బీబీసీ యంగ్ మ్యుజీషియన్ పోటీ 1978 నుంచి ఉంది, 2016లో షేకు కానే మేసన్ అనే కుర్రాడు సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించి గెలిచాడు. నాటింగ్‌హామ్ అనే ఊళ్లో మామూలు ప్రభుత్వ బడి పిల్లగాడు. అయితే గెలుపు కంటే చాలా ముందే, తొమ్మిదేళ్ల వయసులోనే అతనికి లండన్ రాయల్ అకాడమీలో చిన్నపిల్లల విభాగంలో స్కాలర్‌షిప్ దొరికింది, ప్రతి శనివారం దాదాపు 200 కిలోమీటర్ల అవతల నుంచి పొద్దున్నే లేచి పోయి వచ్చేవాళ్లు. దారి బాధ అక్కడా ఉంది, కానీ ఆ దారి చివర ఒక సీటు ఉంది, సీటుతో పాటు టీచరు, తోటి పిల్లలతో కలిసి వాయించే ఆర్కెస్ట్రా, థియరీ క్లాసు అన్నీ ఒకేచోట ఉన్నాయి. అక్కడ స్కాలర్‌షిప్ సీటుకు కట్టి ఉంటది, మన దగ్గర గురువుకు కట్టి ఉంటది.

మన పద్ధతిలో బలం లేదని కాదు. గురువు ఊళ్లోనే ఉంటే పిల్ల ఇల్లు వదిలి పోనక్కర్లేదు, ఒక్కరి బాణీ గట్టిగా పట్టుబడతది, ఖర్చు తక్కువ. బలహీనత కూడా అక్కడే, గురువు బదిలీ అయినా, పెళ్లై వేరే ఊరు పోయినా, ఆరోగ్యం చెడినా పిల్ల చదువు మొత్తం ఆగిపోతది.

గొంతు మారే వయసు, ఇంటర్ హాస్టల్ వయసు

మగపిల్లల విషయంలో పథకం వయసుకూ శరీరానికీ మధ్య ఒక చిక్కుంది. 12 నుంచి 15 మధ్య గొంతు మారుతది. ఐదు శ్రుతిలో గణగణ మోగిన గొంతు ఏడాదిలో ఒకటి శ్రుతికి దిగుతది, మధ్యలో కొన్ని నెలలు ఏ స్వరం ఎక్కడ పలుకుతదో పిల్లగాడికే తెలియదు. పదకొండో ఏట ఎంపికైతే రెండేళ్ల తర్వాత రెన్యువల్‌కు గురువు రిపోర్టు పోయేది సరిగ్గా ఆ టైముకే. తెలిసిన గురువైతే ఆ కొన్ని నెలలు తారస్థాయి పాడించకుండా, కింది స్వరాలు మెల్లగా పాడిస్తూ, తాళం లెక్కలు, స్వరం రాసుకోవడం మీద పెడతాడు. తెలియని ఇంట్లో మాత్రం "మనోడి గొంతు పోయింది" అని మాన్పిస్తారు. ఆడపిల్లల గొంతులో మార్పు చిన్నది, వీణ, వయొలిన్, మృదంగం పిల్లలకు అసలు ఈ బాధే లేదు. గాత్రం నేర్చుకునే అబ్బాయికి పదో ఏట నుంచే పక్కన ఒక వాద్యం కూడా పెట్టడం అందుకే మంచిది.

దానికంటే పెద్ద గండం ఇంటర్. పదో తరగతి అయిపోగానే ఎంపీసీ, బైపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ, పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు. ఆ హాస్టల్ గదిలో తంబురా పెట్టుకుని సాధన చేసే వీలు ఎక్కడిది. గొంతు, చెయ్యి రెండూ రోజూ అరగంటైనా వాడకపోతే మొద్దుబారేవే, రెండేళ్లు వదిలేస్తే ఏడేళ్ల పని వెనక్కి పోతది. గురుకులాల్లో చదివే పిల్లలకు ఇది ఐదో తరగతి నుంచే సమస్య, క్యాంపస్ దాటి గురువు దగ్గరికి పోలేరు కాబట్టి లోపలే సంగీతం టీచర్ ఉంటే తప్ప దారి లేదు. 18 దాటాక ఉన్న ఆ నెలకు 5,000 స్కాలర్‌షిప్‌కు ఐదేళ్ల శిక్షణ చూపించాలి, ఇంటర్‌లో తెగిపోయిన పిల్ల కాగితం మీద ఐదేళ్లు చూపించగలిగినా జడ్జీల ముందు చూపించలేదు. 15 నుంచి 17 మధ్య ఆ రోజు అరగంటను కాపాడటానికి ఏ పథకమూ లేదు, అది ఇంట్లోవాళ్లు కాలేజీ ఎంచుకునేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి.

ఫోన్‌లో క్లాసు ఎంతవరకు

2020 తర్వాత వీడియో క్లాసులు మామూలైపోయాయి, దూరం సమస్య దాంతో తీరిపోయిందని కొందరు అంటారు. సగమే నిజం. గొంతు ఫోన్‌లోంచి పోయి రావడానికి క్షణంలో కొంత భాగం ఆలస్యం అవుతది, మాట్లాడుకోవడానికి అది తెలియదు, ఇద్దరూ కలిసి తాళం వేయాలంటే మాత్రం కుదరదు. అందుకని గురువు పాడి ఆగుతాడు, పిల్ల పాడతది, ఇద్దరూ కలిసి పాడటం ఉండదు. సాహిత్యం, స్వరం నేర్పడానికి ఇది చాలు. గమకం, రెండో కాలం, శ్రుతిలో సన్నటి తేడాలు దిద్దడానికి చాలదు, ఎందుకంటే ఫోన్ యాప్‌లు తంబురా శబ్దాన్ని గోల అనుకుని కోసేస్తాయి కూడా. నెలకు మూడు క్లాసులు ఫోన్‌లో, ఒకటి ఎదురుగా అనే పద్ధతి దేవరకొండ, కొల్లాపూర్ లాంటి దూరపు ఊళ్లకు పనికొస్తది, 48 ట్రిప్పులు 12కు తగ్గుతాయి.

జిల్లా టౌనులో ఒక క్లాసు నిలబడాలంటే

మరి ఈ స్కాలర్‌షిప్‌లతో ఇక్కడ ఏమైనా మారుతదా అంటే, మారే అవకాశం ఫీజు ద్వారానే. ఏడాదికి 9,000 అంటే నెలకు 750. డిప్లొమా చేసిన ఒక అమ్మాయి మహబూబ్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో క్లాసు పెడితే, నెలకు 750 చొప్పున 20 మంది పిల్లలు వస్తే నెలకు 15,000. బతకడానికి అది ఇరుకే, ఇంట్లో ఇంకో సంపాదన ఉంటేనే నడుస్తది, కానీ క్లాసు మూతపడదు. ఆ 20 మందిలో ఇద్దరు ముగ్గురికి స్కాలర్‌షిప్ వస్తే వాళ్ల ఫీజు ఖాయం, వాళ్లను చూసి చేరే కొత్త పిల్లలు ఇంకో నలుగురు. వార్తలో వచ్చిన ఆ చిన్న ఫొటో నిజంగా పనిచేసేది ఇక్కడే, ఊళ్లో ఒక గురువు ఉందని మిగతా ఇళ్లకు తెలుస్తది.

గెలిచిన తర్వాత షేకు కానే మేసన్ తను చదివిన బడికి 3,000 పౌండ్లు ఇచ్చాడు, దాంతో అక్కడ పదిమంది పిల్లలు సెల్లో పాఠాలు మానకుండా కొనసాగించారు. మన దగ్గర అదే పని ఇంకా తక్కువలో అవుతది. ఒక జిల్లా టౌనులో పదిమంది పిల్లలకు ఏడాది ఫీజు 90,000, గుడి కమిటీ మండపం వారానికి రెండు సాయంత్రాలు ఉచితంగా ఇస్తే గది అద్దె కూడా ఉండదు. మన్యంకొండలోనో, చెరువుగట్టులోనో, అలంపురంలోనో ఉత్సవాల రోజుల్లో ఆ పిల్లలతో అరగంట పాడిస్తే స్టేజీ భయం పోటీ గదికి పోకముందే పోతది, పక్కన సన్నాయి మేళం పెద్దమనిషి కూర్చుని వింటే ఎక్కడ తప్పారో అక్కడికక్కడే చెప్తాడు.